నాలుగో గుడిసెలో పంతొమ్మిది డిగ్రీలు

కీటో,
ఆగస్టు 3

ప్రియమైన తమ్ముడు క్లేవెర్‌కి,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా గాలి హోరు తప్ప నీ మాట వినపడదు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కంప్యూటర్లో వచ్చింది కదా అని రెండు ముక్కలు కొట్టి పడేయకు, మిలిటరీలో ఉన్నప్పుడు అమ్మకి రాసేవాడివే, అలా నిండుగా రాయి.

అసలు సంగతికి వస్తాను. గండి మీది నాలుగో గుడిసెలో స్విచ్ పెట్టె ఎందుకు బిగుసుకుపోతోందో ఇన్నాళ్ళకి దొరికింది. తప్పు నాదే. ఆ పెట్టెలో ఒక చిప్ ఉంటుంది. నది ఒడ్డున పాతిన యంత్రం పంపే వరద కబురు ఏ తీగ మీద వచ్చింది, ఏ తీగ మీద పోవాలి అని చూసి తోసేది అదే. దానికీ పెట్టెలోని కంప్యూటర్‌కీ మధ్య నేను రాసిన డ్రైవర్ అనే ప్రోగ్రాం దుబాసీ లాంటిది. చలి సున్నాకి దిగితే చిప్ ఒక్కోసారి నోరు విప్పదు. నా డ్రైవర్ జవాబు వచ్చేదాకా కదలకుండా కూర్చుంటుంది. దాంతో పెట్టె మొత్తం ఆగిపోతుంది. నువ్వు నాలుగు గంటలు కొండెక్కి ప్లగ్గు పీకి మళ్ళీ పెడితే గానీ లేవదు.

పోయిన ఏడాది అలా ఆగినప్పుడే కదా ముసలమ్మ అగ్నిపర్వతం వేడెక్కి, మంచు కరిగి, బురద వరదై వచ్చింది. ఊళ్ళో సైరన్ మోగలేదు. మీ మామగారు దోన్ సెగుందో వంతెన మీద ఉన్నాడు. ఆయన సమాధి దగ్గర అందరి ముందూ మగాలి నా మొహం మీదే అంది, "మీ పెట్టే మా నాన్నని మింగేసింది" అని. ఆ రోజు నుంచి నీ పెళ్ళాం నాతో మాట్లాడలేదు, నేనూ మాట్లాడమని అడగలేదు. ఆ మాట అబద్ధమైతే కదా అడగడానికి!

ఇప్పుడు కొత్తగా రాశాను. చిప్ పలక్కపోతే డ్రైవర్ మూడుసార్లు మళ్ళీ అడుగుతుంది. అప్పటికీ పలక్కపోతే చిప్‌ని తనే ఆపి, మళ్ళీ లేపి, ఏ తీగ తలుపు తెరవాలో ఏది మూయాలో మొదటినుంచీ నేర్పుతుంది. ఇక ఎవరూ కొండెక్కక్కర్లేదు.

కానీ ఇలాంటి డ్రైవర్లన్నీ చేరే చోటికి బ్రెజిల్‌లో, పోర్టో అలెగ్రేలో ఒక కాపలాదారుడున్నాడు, అన్సెల్మో అని, పెద్దాయన. ప్రతి మార్పు కిందా రాసినవారి పేరు, పరీక్షించినవారి పేరు ఉండాలంటాడు. ఒకసారి పడ్డ పేరు ఇక చెరగదు. బల్ల మీద చేసిన పరీక్ష ఆయనకి ఆనదు. బయట, నిజమైన చలిలో, ముప్ఫై రోజులు నడవాలి. నాలుగో గుడిసెని మించిన చలి ఎక్కడుంది చెప్పు? నువ్వే చెయ్యాలి. నీ పేరే వేస్తాను.

మా చిట్టి నీనాకి ముద్దులు. మగాలికి ఏం చెప్తావో నీ ఇష్టం.

నీ అక్క,
ఎదెల్మీరా


యూరాక్‌పంబ,
ఆగస్టు 19

ప్రియమైన అక్కకి,

"తప్పు నాదే" అన్న మాట నీ ఉత్తరంలో చూసి కుర్చీలోంచి పడబోయాను. ఆ ముక్క అచ్చు తీసి గోడకి అంటించాను. చిన్నప్పుడు కుందేళ్ళ బోను తలుపు తెరిచిపెట్టింది కూడా నువ్వేనని ఇప్పుడైనా ఒప్పుకుంటావేమోనని ఆశ.

ఫోన్ సంగతి అడక్కు, ఆవుల తొట్టిలో పడింది.

నీ కొత్త డ్రైవర్ ఐదో తారీఖున ఎక్కించాను. ఇవాళ్టికి పద్నాలుగు రోజులు. ఒక్కసారి కూడా ఆగలేదు! లెక్కలు కూడా చూశాను. మళ్ళీ అడిగినవి సున్నా, ఆపి లేపినవి సున్నా. అక్కా, వారానికి రెండుసార్లు మోకాళ్ళు పట్టుకుని కొండెక్కినవాణ్ణి, నాకే నమ్మబుద్ధి కావట్లేదు. పోయిన ఆదివారం హాయిగా ఇంట్లోనే ఉన్నాను. మగాలి పందిమాంసం కాల్చింది, పక్కన ఉడికించిన మొక్కజొన్న. నీనాకి ముందు పన్ను ఊడింది. ఆ సందులోంచి ఈల వేసి అందర్నీ చంపుకుతింటోంది.

నువ్వు తిన్నావో లేదో. పనిలో పడితే నీకు ఆకలి కూడా గుర్తుండదు.

నీ తమ్ముడు,
క్లేవెర్


కీటో,
ఆగస్టు 24

ప్రియమైన క్లేవెర్‌కి,

కుందేళ్ళ బోను తెరిచింది నువ్వే. చచ్చేదాకా ఆ మాట మీదే ఉంటాను.

నీ సున్నా చూసి ముందు ఎగిరి గంతేశాను. కాఫీ కాచుకుని మళ్ళీ చదివితే అనుమానం వచ్చింది. ఇక్కడ పెట్టె చుట్టూ ఐసు ముక్కలు పేర్చి చూస్తే రోజుకి రెండుసార్లు మళ్ళీ అడిగింది. నాలుగు వేల మీటర్ల ఎత్తులో, బకెట్లో నీళ్ళు గడ్డకట్టే చోట, నీది ఒక్కసారి కూడా అడగలేదా?

అన్సెల్మో పెద్దాయనకి చెప్తే ఏం రాశాడో తెలుసా? "అమ్మాయ్, ముప్ఫై ఏళ్ళలో నేను సున్నా చూసింది తీగ ఊడిపోయినప్పుడే" అని. ఆ మాటకి నాకు తల కొట్టేసినట్టయింది. తీగ సరిగ్గా ఉందా? కబుర్లు నిజంగా ఈ పెట్టెలోంచే పోతున్నాయా? ఎవరైనా పక్కనుంచి వేరే తీగ వేసి ఈ పెట్టెని తప్పించలేదు కదా? కోప్పడకు. అడక్కపోతే నాకు నిద్ర పట్టదు.

నీ అక్క,
ఎదెల్మీరా


యూరాక్‌పంబ,
సెప్టెంబరు 5

అక్కకి,

కోప్పడకు అని రాసి మరీ కోపం తెప్పించావు. ఆ బ్రెజిల్ ముసలాయనకి నేను తీగ చూసుకోవడం రాని వెధవలా కనిపిస్తున్నానా? తీగ ఊడలేదు. పక్కన వేరే తీగా లేదు. రోజూ పొద్దున్నా సాయంత్రమూ నా కళ్ళతో చూస్తున్నాను. ప్రతి సోమవారం పది గంటలకి ఊళ్ళో సైరన్ మోగించి చూస్తారు కదా, అది కూడా నాలుగో గుడిసె కబురుతోనే మోగుతోంది. ఇంకేం కావాలి?

ముప్ఫై రోజులు నిన్నటితో అయిపోయాయి. ఒక్క తప్పూ లేదు. పరీక్షించింది నేనే. నా పేరు పూర్తిగా వెయ్యి, క్లేవెర్ గువామాన్ అని. అది మగాలికి చూపించాలి నేను.

క్లేవెర్


కీటో,
సెప్టెంబరు 28

ప్రియమైన క్లేవెర్‌కి,

ఈ ఉత్తరం అందగానే లేచి కొండెక్కు. చదవడం తర్వాతైనా ఫరవాలేదు.

నీ మాట మీద నీ పేరు వేశాను. పెద్దాయన ఒప్పుకున్నాడు. పది రోజుల కింద సైరన్ ఆఫీసువాళ్ళు మూడు నదుల మీదున్న పదకొండు గుడిసెల్లోనూ కొత్త డ్రైవర్ ఎక్కించేశారు. నా జీవితంలో ఇంత సంబరం ఎప్పుడూ పడలేదు, పక్కింటివాళ్ళకి కూడా మిఠాయి పంచాను. ఈ డ్రైవర్‌లో చిప్ ఒంటి వేడి కూడా రాసుకునేలా ఒక చిన్న ఏర్పాటు చేశాను. ఆ లెక్కలు ఇవాళ పొద్దున్నే మొదటిసారి తెరిచి చూశాను.

మిగతా పది గుడిసెల్లో తెల్లవారేసరికి సున్నాకి మూడు, నాలుగు డిగ్రీలు కింద. నాలుగో గుడిసెలో సున్నాకి పైన పంతొమ్మిది! ఒక రోజు కాదు, పది రోజులూ అంతే. చీకటి పడే వేళకి పెరుగుతుంది, ఉదయం ఏడు దాటాక మెల్లగా తగ్గుతుంది. యంత్రం అలా వేడెక్కదురా. పొయ్యి వెలిగిస్తేనే అలా ఉంటుంది. ఆ గుడిసెలో ఎవరో కాపురం ఉంటున్నారు.

ఎవరై ఉంటారు? లామా మందలు మేపుకునేవాడా? ఇల్లు వదిలి పారిపోయి వచ్చిన పిల్లా? ఎవరైనా సరే, బురద వస్తే ముందు కొట్టుకుపోయేది ఆ గండి అంచే. వాళ్ళకి సైరన్ వినపడే లోపే అంతా అయిపోతుంది. వెళ్ళి దింపు. తిట్టినా, కొట్టినా, బతిమాలినా సరే, దింపు.

ఇంకొకటి నాకు అర్థం కావట్లేదు. రోజూ రెండు పూటలా నీ కళ్ళతో చూస్తున్నానని రాశావు. నాలుగు గంటల ఎక్కుడు రోజుకి రెండుసార్లు ఎలా ఎక్కావు? మనిషి నీ కంట పడలేదా?

నీ అక్క


నాలుగో గుడిసె,
అక్టోబరు 2

ప్రియమైన అక్కకి,

ఆ మనిషిని నేనే.

పదమూడు నెలలుగా ఇక్కడే ఉంటున్నాను. ఆఫీసువాళ్ళు డ్యూటీ వేశారని మగాలికి చెప్పాను. ఇంట్లోనే ఉంటున్నానని నీకు చెప్పాను. మీరిద్దరూ మాట్లాడుకోరు కదా, రెండు అబద్ధాలూ హాయిగా నడిచాయి. ఫోన్ ఏ తొట్టిలోనూ పడలేదు. ఎత్తితే ఈ గాలి హోరు నీకు వినపడుతుందని ఎత్తలేదు. ఆదివారం మాంసం అబద్ధం. నీనా పన్ను ఊడిన సంగతి రేడియోలో వాళ్ళమ్మ చెబితే తెలిసింది. ఆ ఈల నేనింకా వినలేదు.

నువ్వు తప్పంతా నీదేనని మొదటి ఉత్తరంలోనే నెత్తిన వేసుకున్నావు. ఇక చెప్పకపోతే నేను మనిషిని కాను. నాలుగో గుడిసె మూగబోతే వెంటనే వంతెన మూసెయ్యాలి. అది నియమం, ఆ పని నాది. ఆ రోజు మా దోస్తు కొడుక్కి బాప్టిజం. విందులో ఉన్నాను, తాగి ఉన్నాను. చేతి రేడియో మీద గుడిసె దీపం ఆరిపోవడం చూశాను అక్కా. చూసి, "మళ్ళీ బిగుసుకుంది దరిద్రపుది, ఈ పాట అయ్యాక చూద్దాం" అన్నాను. అది వారానికి రెండుసార్లు ఆగేది కదా, అలవాటైపోయింది. నలభై నిమిషాలు ఆడాను. వంతెన తెరిచే ఉంది. మామ గాడిదని తోలుకుని దాటుతున్నాడు.

మగాలి నిన్ను అంతమాట అన్నప్పుడు పక్కనే నిలబడి నోరు మూసుకున్నాను.

మామ తొమ్మిదో రోజు పూజ అవగానే ఇక్కడికి వచ్చేశాను. కిరసనాయిలు పొయ్యి పెట్టుకుని పెట్టెని వెచ్చగా ఉంచుతున్నాను. ఆగడం మానేసిందంటే ఎందుకని అడుగుతావని, ఇంకా ఆగుతూనే ఉందని నీకు చెప్తూ వచ్చాను. వెచ్చగా ఉంటే ఆగదని నాకెప్పుడో తెలుసు, ఎందుకో మాత్రం నువ్వు రాశాకే తెలిసింది. నీ డ్రైవర్ ఎక్కించిన రోజు పొయ్యి ఆర్పుదామని చెయ్యి చాపాను. చెయ్యి రాలేదు. ఇరవయ్యో రోజుకి తట్టింది, చలికి పరీక్ష అని చెప్పి పొయ్యి పక్కన కూర్చున్నానని. అప్పటికే నీకు సున్నా సున్నా అని గొప్పలు రాసేశాను. ఇక ఏ మొహం పెట్టుకుని చెప్పను?

నా పేరు చెరగదన్నావు. అదే తల్చుకుంటున్నాను.

క్లేవెర్


కీటో,
అక్టోబరు 11

ఒరే క్లేవెర్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ తర్వాత వచ్చిన మాటలు ఇక్కడ రాయలేను. నువ్వు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టి, తర్వాత కూర్చోబెట్టి అన్నం పెట్టేదాన్ని.

ఏడవడానికి తీరిక లేకపోయింది. నీ పరీక్ష చెల్లకపోతే నా డ్రైవర్ నిజమైన చలి చూడనే లేదన్నమాట. నా దగ్గరున్న పెట్టె చంకలో పెట్టుకుని మా వీధి చివర ఐస్‌క్రీమ్ కొట్టుకి పరిగెత్తాను. కొట్టావిడ పెద్ద ఫ్రీజర్‌లో నారింజ ఐసుపుల్లల మధ్య దాన్ని పడుకోబెట్టాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. రెండో గంటకి చిప్ నోరు మూసుకుంది. డ్రైవర్ మూడుసార్లు అడిగింది, ఆపి లేపింది, ఆకుపచ్చ దీపం వెలిగింది. అంతా రాసినట్టే జరిగింది. హమ్మయ్య అనుకుని ఏడో తలుపు చూశాను. మూసి ఉంది!

ఏడో తలుపు సైరన్‌ది, క్లేవెర్. చలిలో చిప్ నిద్ర లేవడానికి ఎక్కువసేపు పడుతుంది. నా డ్రైవర్ ఆగకుండా గబగబా పాఠం చెప్పేసింది. చివర చెప్పింది చిప్ వినలేదు. విన్నదో లేదో నా డ్రైవర్ అడగలేదు. దీపం పచ్చగా ఉంటుంది, లెక్కలు బాగుంటాయి, సైరన్ మాత్రం మోగదు. పాతది ఆగిపోతే కనీసం ఆగిందని తెలిసేది. నేను బాగుచేశానని మిఠాయి పంచింది దీనికి. అది పదకొండు గుడిసెల్లో ఉంది. నువ్వు నా మాట విని పొయ్యి ఆర్పి దిగి ఉంటే మన ఊళ్ళో కూడా అదే గతి. ఫ్రీజర్ మూత ఒక చేత్తో పట్టుకునే రెండో చేత్తో ఫోన్ తీశాను.

ఆఫీసుకి ఫోన్ చేసి అరిచాను. ఆ సాయంత్రానికి పాతది తిరిగి ఎక్కించారు, అన్ని వంతెనల దగ్గరా మనుషుల్ని పెట్టారు. పెద్దాయనకి జరిగిందంతా దాచకుండా రాశాను, పొయ్యి సంగతితో సహా. తిడతాడనుకున్నాను. "మార్పు వెనక్కి తీసుకున్నాను. ఈ లోపం బయటపడింది మీ తమ్ముడు నిజం చెప్పబట్టే. మన దగ్గర లోపం తెలిపినవారి పేరు కూడా వేస్తాం, అతని పేరు పంపు" అని రాశాడు. కొత్త మార్పు కింద నీ పేరు ఉంది, లోపం తెలిపినవారు అని. దీన్నీ చెరపలేరు.

ఇప్పుడు నా డ్రైవర్ ఒక్కో తలుపు తెరవమని చెప్పి, తెరిచిందా అని తిరిగి చూస్తుంది. తెరవకపోతే మళ్ళీ చెప్తుంది. అప్పటికీ కాకపోతే సైరన్ ఆఫీసుకి గోల పెడుతుంది. ఆరు రోజులు ఐసుపుల్లల మధ్య ఉంచాను. రెండు వందల పన్నెండుసార్లు పడి లేచింది, ప్రతిసారీ ఏడు తలుపులూ తెరిచింది.

ఇంకొక పని కూడా చేశాను. మగాలికి ఫోన్ చేశాను.

"ఎవరూ?" అంది.

"నేనే, ఎదెల్మీరాని. పెట్టెయ్యకు, వాడి గురించి" అన్నాను. అంతా చెప్పాను. బాప్టిజం విందు సంగతి కూడా చెప్పాను. తిట్టుకుంటే తిట్టుకో.

"డ్యూటీ అన్నాడు వదినా. వారం వారం ఉతికిన బట్టలు గాడిద మీద పంపుతున్నాను" అంది. వెంటనే మళ్ళీ అంది, "ఆయన్ని తిట్టాలో కొట్టాలో నేను చూసుకుంటాను. ముందు దించండి. మా నాన్న పోయింది చాలు."

విన్నావుగా. కొత్త డ్రైవర్ ఎక్కించు, పొయ్యి ఆర్పు, తాళం వేసి దిగిపో. ముప్ఫై రోజులు ఆ గుడిసెలో మనిషి అనేవాడు ఉండకూడదు. ఈ ముప్ఫై రోజులూ వంతెన దగ్గర వంతులవారీగా కాపలా ఉంటుంది, మొదటి వంతు మగాలి తీసుకుంది. ఇది బతిమాలడం కాదు, అక్కగా చెప్తున్నాను.

ఎదెల్మీరా


యూరాక్‌పంబ, ఈసారి నిజంగానే,
నవంబరు 3

ప్రియమైన అక్కకి,

గబగబా రాస్తున్నాను. అక్షరాలు అడ్డదిడ్డంగా పడితే సరిచేసుకుని చదువుకో.

పద్నాలుగో తారీఖున పొయ్యి ఆర్పాను. ఆర్పి గుమ్మంలోనే ఇంకో గంట కూర్చున్నాను. దిగి ఇంటికి వస్తే మగాలి తిట్టలేదు, కొట్టలేదు. వేడినీళ్ళు పెట్టింది. స్నానం చేసి వచ్చాక, "మా నాన్న సంగతి నీ నోటితో చెప్పు" అంది. చెప్పాను. లేచి బయటికి వెళ్ళిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు గిన్నెలో అన్నం నా ముందుకి తోసింది. ఇంకా అంతవరకే.

ఇంట్లో ఉన్నానన్న మాటే గానీ మనిషిని ఇక్కడ లేను. చలి పెరిగితే నా ఒళ్ళు బిగుసుకుపోయేది. కిటికీ దగ్గర నిలబడి కొండ వైపు చూస్తుంటే నీనా వచ్చి నా మొహం ఇటు తిప్పేది.

నిన్న పితరుల రోజు. వంతెన కాపలావాళ్ళు తప్ప ఊరంతా శ్మశానంలో ఉన్నాం. మామ సమాధి మీద రొట్టెబొమ్మలు పెట్టి, మగాలి ఊదారంగు పానకం గ్లాసుల్లో పోస్తోంది. పదకొండు కూడా కాలేదు. సోమవారం కాదు. సైరన్ మోగింది.

ముసలివాళ్ళు గ్లాసులు పట్టుకుని అలాగే ఉండిపోయారు. తర్వాత అందరూ బడి దిబ్బ వైపు పరుగో పరుగు. నా కాళ్ళు మాత్రం అటు తిరగలేదు అక్కా. గండి వైపు, గుడిసె వైపు పరిగెత్తాను. పెట్టె దగ్గర ఎవరూ లేరు, నేను లేకపోతే ఆగిపోతుంది, అదొక్కటే బుర్రలో ఉంది. మగాలి వెనక నుంచి వచ్చి నా కంబళి పోంచో పట్టుకుని గుంజింది. ఇద్దరం పడ్డాం.

"ఎక్కడికి పోతున్నావ్?"

"ఆగిపోతుందే, నేను పోవాలి..."

"అది మోగుతోంది! వినపడట్లా నీకు? మోగుతోంది!"

అప్పటిదాకా నాకు నిజంగా వినపడలేదు. ఆగిపోతుందన్న భయంలో మోగుతున్నది వినపడలేదు. మగాలి చెయ్యి పట్టుకుని, నీనాని భుజాన వేసుకుని దిబ్బ ఎక్కాను. పద్నాలుగు నిమిషాల తర్వాత బురద వచ్చింది. కొత్త వంతెన పోయింది, శ్మశానం కింది గోడ పోయింది, మా మొక్కజొన్న మొత్తం పోయింది. ఫాదర్ బడి మెట్ల మీద నిలబడి పేరు పేరునా పిలిచాడు. మూడుసార్లు పిలిచాడు. అందరూ పలికారు.

నాలుగో గుడిసె లేదు. అంచు మొత్తం విరిగి గండిలో పడింది. నేను పడుకునే మూల ఉండేచోట ఇప్పుడు గాలే ఉంది. సాయంత్రం ఆఫీసుకి పోయి అది చివరగా పంపిన లెక్కలు చూశాను. నిన్న తెల్లవారుజామున ఐదుంపావుకి సున్నాకి ఐదు కింద చిప్ ఆగిపోయింది. మూడుసార్లు అడిగింది, పలకలేదు. ఆపి లేపింది. ఏడో తలుపు మొదటిసారి తెరుచుకోలేదు, మళ్ళీ చెప్పింది, తెరుచుకుంది. ఆ ముక్క పది సార్లు చదివాను. పక్కన గుమాస్తా, "ఏమైంది క్లేవెర్, ఎందుకేడుస్తున్నావు?" అన్నాడు.

ఏం చెప్పను అక్కా? పదమూడు నెలలు నేను అక్కడ ఉంటేనే మోగుతుందనుకున్నాను. ఇంటినీ పిల్లనీ వదిలి దాని పక్కన కూర్చున్నాను. నిన్న నేను లేకుండానే మోగింది.

నీ తమ్ముడు,
క్లేవెర్